ఉప్పు నడచు దారి

మావారు పనిచేయు పాఠశాల మా యూరికి పదునొకండు కిలోమీటర్ల దూరమున నున్నది. రెండేండ్ల క్రిందట వారు పెట్రోలు బండిని అమ్మివేసి, విద్యుత్తుతో నడచు స్కూటరును కొనిరి. దాని బ్యాటరీని పెట్టెవలె వెలికిదీసి యింటిలోనికి దెచ్చి చార్జి చేసికొనవచ్చును. ప్రతి రాత్రియు భోజనములైన పిదప వారు దానిని వసారాలో గోడమూల నుంచి, తీగ తగిల్చి, పరుండుదురు. వారికి వెంటనే నిద్ర పట్టును. మాకు పట్టదు. 2022 వ సంవత్సరపు వేసవిలో విజయవాడలోను నిజామాబాదులోను ఇట్లే యింటిలో చార్జి యగుచున్న బ్యాటరీలు ప్రేలి ప్రాణములు తీసిన వార్తలను మేము పత్రికలలో చదివితిమి. చదివినది మరచుట మాకు చేతకాదు. కావున ఆ పెట్టెమీది చిన్న దీపమును చూచుచు అర్ధరాత్రి దాక మేల్కొనియుండుట మాకు అలవాటైనది.

ఆ మేలుకొలుపులలోనే మా ఆడపడుచుతో మాకు స్నేహము గట్టిపడినది. ఆమె నాలుగేండ్లనుండి ఒక విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రమునందు పరిశోధన చేయుచున్నది. సెలవులకు వచ్చినపుడెల్ల మా ప్రక్కనే వసారాలో పక్క వేసికొనును. ఆమె పరిశోధించు విషయము "ఘన పాలిమర్ విద్యుద్విశ్లేష్యములలో అయానుల వాహకతను పెంచుట" యట. ఈ మాట మొదట వినినపుడు మాకు వసుచరిత్రములోని శ్లేషలు జ్ఞప్తికి వచ్చినవి. వానికైన టీక యున్నది, దీనికి లేదు.

మామగారు ప్రతి పండుగకును ఆమెను ఒకే ప్రశ్న యడుగుదురు. "అమ్మాయీ, ఇన్నేండ్లుగా నీవు చేసినదేమి?" ఆమె, "వాహకతను పెంచుచున్నాను నాన్నగారూ" అనును. "ఎంత పెంచితివి?" అని వారందురు. ఆమె తలవంచుకొనును. సంభాషణ అచటితో సరి. అత్తగారికి ఈ సంభాషణలతో పని లేదు. వారు కూతురి వయస్సును మాత్రము లెక్కపెట్టుచుందురు.

నిరుడు వైశాఖమున మంచి సంబంధ మొకటి వచ్చినది. పిల్లవాడు యోగ్యుడు. వారు కోరిన దొక్కటియే: మాఘమున ముహూర్తము, అప్పటికి పిల్ల చదువు ముగిసియుండవలెను. ఇక చెప్పవలసినదంతయు ఆ మాఘమునకును ఆమె చదువునకును నడుమ జరిగినదే. కాని అది తెలియవలెనన్న, ఆమె చేయు పని యెట్టిదో ముందు చెప్పవలెను. మేము బడిలో శాస్త్రములు చదివినవారము కాము. తండ్రిగారి యొద్ద అమరము, భారతము, కొన్ని ప్రబంధములు చదువుకొన్నవారము. మాకు బోధపడిన తీరుననే చెప్పుదుము. తప్పులను ఆడపడుచు దిద్దినది.

బ్యాటరీలో రెండు పలకలుండును. లిథియమను మిక్కిలి తేలికయగు లోహముయొక్క అణువులు విద్యుత్తును దాల్చి, చార్జి చేయునపుడు ఒక వైపునకును, బండి నడచునపుడు రెండవ వైపునకును ప్రయాణము చేయుచుండును. ఇట్లు విద్యుత్తును దాల్చి నడచు అణువునకు అయాను అని పేరు. 1834 లో ఇంగ్లండు దేశపు శాస్త్రజ్ఞుడగు మైకేల్ ఫారడే గ్రీకు భాషనుండి "పోవునది" అను నర్థమున ఈ మాటను గ్రహించెను. మన ఉత్తరాయణ దక్షిణాయనములలోని అయనమునకును పోవుటయే యర్థము. ఆ గ్రీకు ధాతువును మన సంస్కృత ధాతువును అక్కచెల్లెండ్రని భాషాశాస్త్రము చెప్పుచున్నది. ఈ సంగతి ఆడపడుచునకు తెలియదు. మేము చెప్పగా సంతోషించి తన నోటుపుస్తకము మొదటి పుటలో వ్రాసికొన్నది. ఆ రాత్రి మొదలు ఆమె శాస్త్రమునందు మాకును కొంత పాలు దొరకినట్లు తోచినది.

ఆ పలకల నడుమనున్న త్రోవ యిప్పటి బ్యాటరీలలో ద్రవము. లిథియపు ఉప్పును ఒకవిధమగు కర్బన ద్రవములలో కరగించి నింపుదురు. 1991 లో జపానువారు ఇట్టి బ్యాటరీలను మొదట అమ్మకమునకు దెచ్చినది మొదలు నేటి మన చేతి ఫోను వరకు చాలమట్టుకు ఇదియే పద్ధతి. ఆ ద్రవములో ఉప్పు సుఖముగా నడచును. కాని ఆ ద్రవము అంటుకొన్నచో కిరసనాయిలువలె మండును. లోపల ఎచటనైన పలకలు ఒకదానితో నొకటి తాకినను, మితిమీరి కాగినను, నిప్పునకు వలసిన సామగ్రియంతయు ఆ పెట్టెలోనే సిద్ధముగా నున్నది. ఆ ద్రవమును తొలగించి, దాని తావున పలుచని రేకువంటి ఘనపదార్థము నుంచినచో కారుట లేదు, ఆవిరి యగుట లేదు. పాలిమరు అసలే కాలదని కాదు. కిరసనాయిలునకును కొవ్వువత్తికిని ఎంత భేదమో అంత భేద మున్నదని ఆమె చెప్పినది.

చిక్కంతయు నొక్కటియే. ఘనములో ఉప్పు నడవదు.

కొంచెము నడచునని తెలిసినదియు ఇటీవలి మాటయే. 1973 లో ఇంగ్లండులోని షెఫీల్డు విశ్వవిద్యాలయమున పీటర్ రైట్ అను నాయనయు, ఆయన తోడివారును పాలి ఇథిలీన్ ఆక్సైడు అను పాలిమరులో ఉప్పులు కలిసిపోవునని చూపిరి. అట్లు కలిపినది విద్యుత్తును నడపునని రెండేండ్లలో తేలినది. 1978 లో ఫ్రాన్సు దేశీయుడగు మిషెల్ ఆర్మాండ్ దీనిని బ్యాటరీలలో వాడవచ్చునని సూచించెను. ఆ పాలిమరు మైనమువలె తెల్లగా నుండును. దాని అణువు మిక్కిలి పొడవైన గొలుసు. ఆ గొలుసున రెండేసి కర్బనముల కొక ఆక్సిజను చొప్పున వరుసగా నుండును. ఆ ఆక్సిజనులే లిథియమును పట్టుకొనునవి.

మా చిన్ననాట పుట్టింటి వీధిలో ఒక తాటాకుటిల్లు అంటుకొన్నది. చెరువునుండి ఆ యింటిదాక జనులు బారులు తీరి నిలిచి, నీళ్ల బిందెలను చేతినుండి చేతికి అందించిరి. నిలిచినవారు నిలిచినచోటనే యున్నారు, బిందె మాత్రము నడచినది. ఘనములో లిథియము నడక ఇట్టిదే. ఒక ఆక్సిజను చేతినుండి మరియొక దాని చేతికి అది మారుచు పోవలెను. గొలుసు అటునిటు ఊగుచున్నపుడే ఒక చేయి రెండవ చేతికి అందును. చేతులు కట్టుకొని నిలిచిన, బిందె కదలదు.

మార్గశిర మాసమున నేతిజాడీ మూత తీసి చూచియుందురు గదా! నేయి పూసలు పూసలుగా గడ్డకట్టి, పూసల నడుమ కొంచెము పలుచని నేయి నిలిచియుండును. ఈ పాలిమరును అట్టిదే. సుమారు 65 డిగ్రీలకు లోబడిన వేడిలో దానిలో చాల భాగము పూస కట్టును, కొంత భాగము కట్టక మెత్తగా మిగులును. పూసలో గొలుసులు చేతులు కట్టుకొని నిలుచును. 1983 లో ఫ్రాన్సులో జరిగిన పరీక్షలవలన ఉప్పు ముఖ్యముగా ఆ పూసకట్టని భాగముననే నడచుచున్నదని స్పష్టమైనది. కావుననే మన యిండ్లలోని వేడికి దీని వాహకత ద్రవపు వాహకతలో వేయవ వంతునకు మించదు, తరచుగా లక్షవ వంతునకు దిగిపోవును.

వేడి చేసిన పూస కరగును గదా యని మే మంటిమి. అదియు చేసి చూచిరట. పారిస్ నగరమున 2011 మొదలు 2018 వరకు అద్దెకు దొరకిన ఆటోలిబ్ అను విద్యుత్తు కారులలో ఇట్టి పాలిమరు బ్యాటరీలే యుండెను. అవి పనిచేయుటకు లోపల 60 డిగ్రీలకు పైబడిన వేడి యుండవలెను. పెద్ద కారునకు అది చెల్లినది. మా వసారాలో పాలదాలివలె ఆ పెట్టెను రాత్రింబగళ్లు వెచ్చగా నుంచు వారెవరు? వేడి చేయకయే ఉప్పును నడిపించుట మా ఆడపడుచు పూనుకొన్న పని.

దానికి ఉపాయములు పెక్కు గలవు. ఆమె చెప్పుచుండగా మాకు పాకములు తలపునకు వచ్చినవి. పంచదార పాకము చల్లారి మరల పలుకు కట్టకుండుటకు నిమ్మరసము పిండుదుము. పాలిమరు పూస కట్టకుండుటకును అట్లే పరాయివస్తువును కలుపుదురు. కొందరు మెత్తపరచు ద్రవములను కలిపిరి. వాహకత వెంటనే పెరిగినది గాని రేకు జిగురై నిలువలేకపోయినది, మండు ద్రవము దొడ్డిదారిని మరల లోపలికి వచ్చినది. మాకిది వెడలగొట్టిన సవతిని మేళతాళములతో పిలుచుకొని వచ్చినట్లు తోచినది. కొందరు ఉప్పునే మార్చిరి. లిథియమునకు జంటయగు రెండవ అయాను మిక్కిలి పెద్దదైనచో అది లిథియమును బిగబట్టదు, గొలుసులను పూస కట్టనీయదు. ఈ యుపాయము మంచిదే గాని, ఆ జంటయగునది తానును నడచును. నడచు దానిలో లిథియపు పాలు ఐదింట నొక వంతే యగుట కలదట. గొలుసులకు కొమ్మలు తగిలించువారును, రెండు జాతుల గొలుసులను ముడివేయువారును ఉన్నారు. వారి సంగతి మాకు సగమే బోధపడినది, కావున విడిచెదము.

ఆడపడుచు పట్టినది పొడి మార్గము. 1998 లో రోమునగరపు శాస్త్రజ్ఞులు అల్యూమినియము ఆక్సైడు, టైటానియము ఆక్సైడుల అతిసూక్ష్మమగు పొడిని నూటికి పది పాళ్లుగా ఉప్పు కలిసిన పాలిమరులో కలిపి, 30 డిగ్రీల వేడియందే వాహకతను మిక్కిలి పెంచిరి. రేకును గట్టిపడినది. గట్టి పొడి కలిపిన లోపల మెత్తన యగుటేమని మేము వాదించితిమి. రేణువులు అడ్డు నిలిచి పూసలను పెరుగనీయవట. ప్రతి రేణువు చుట్టును గొలుసులు పూసకట్టక మిగులును, ఆ యంచుల వెంట ఉప్పునకు త్రోవ యేర్పడును. పొడి మితిమీరినచో రేణువులు తమలో తాము గుమిగూడి త్రోవకే అడ్డగును. అరిసెల పాకమునకు పిండి యెంత పట్టునో చేతికి తెలిసినట్లు దీనికిని ఒక పాళము కలదు. హైదరాబాదులోని ఉస్మానియాలోను, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమునందును ఈ జాతి పాలిమరులలో సోడియము, పొటాసియముల ఉప్పులను కూడ కలిపి ఏండ్లతరబడి పరీక్షించిరని ఆమె చెప్పినపుడు మాకు సంతోషమైనది. సోడియ మనగా మన వంటింటి ఉప్పులోనిదే గదా!

రేకును చేయు విధము ఆడువారికి క్రొత్త కాదు. పాలిమరును ఉప్పును ఒక ద్రవములో కరగించి, పొడి కలిపి, గంటలకొలది కలియబెట్టి, గాజు పళ్లెములో పోసి మెల్లగా ఆరనిత్తురు. మామిడితాండ్ర వేసినట్లే. ఆరిన పిదప ఒలిచి, రెండు ఉక్కు బిళ్లల నడుమ బిగించి, క్షణమునకు కొన్ని మారులు మొదలు లక్షల మారులవరకు దిశ మార్చుకొను విద్యుత్తును పంపి, రేకు దాని నెదిరించు తీరును గీతగా గీయుదురు. ఆ గీత అర్ధచంద్రునివలె లేచి దిగి, పిదప తోకవలె వాలుగా పైకి పోవును. చంద్రుడు చిన్నవాడైనకొలది వాహకత యెక్కువ.

ఆషాఢమున ఆమె మూడు దినముల సెలవుపై పరుగున వచ్చినది. గుమ్మములోనే, "వదినా, చంద్రుడు చుక్కయైనాడు!" అన్నది. పొడి కలిపిన రేకుల వాహకత ద్రవమునకు పదవ వంతు దాక వచ్చినదట. ఆచార్యులవారు గ్రంథరచన మొదలిడుమని యనుమతించిరట. మామగారికి ఈసారి ప్రశ్నకు సమాధానము దొరకినది. వారు స్వయముగా బజారునకు పోయి మిఠాయి తెచ్చిరి, పెండ్లివారికి ఫోను చేసి మాఘమునకు సందేహము లేదనిరి.

రెండవనాడు ఉదయము మేము వంట చేయుచు ఉప్పుజాడీ మూత తీసితిమి. ముసురు పట్టి వారము దినములైనది, ఉప్పంతయు చెమ్మగిల్లి జాడీ అంచున నీరు నిలిచియున్నది. "ఈ కాలమున ఉప్పు దాచుట కష్టము" అని మాలో మేము గొణగుకొంటిమి. గడపలో నిలిచియున్న ఆడపడుచు జాడీ వంక చూచి, మాటాడక వెడలిపోయినది. ఆ పగలు అన్నము సరిగా తినలేదు.

ఆ రాత్రి వసారాలో చెప్పినది. ఆమె రేకులను కొలిచిన దినములలో ప్రయోగశాలలో గాలిలోని తేమను తీయు యంత్రము చెడియున్నదట. లిథియపు ఉప్పు మన ఉప్పుకంటెను దాహము గలది, పాలిమరును నీటిని పీల్చునదే. "వదినా, నడచినది ఘనములో కాదు. తడిలో నడచినది. నా అంకె నీళ్ల అంకె."

మే మేమంటిమో దాచుటవలన లాభము లేదు. "ఆ సంగతి యింకెవరికి తెలియును? కొలిచినది కొలిచినట్లే వ్రాసి గ్రంథము ముగింపుము, పెండ్లి కానిమ్ము, తరువాత తీరికగా మరల కొలువవచ్చును" అంటిమి. హరిశ్చంద్రోపాఖ్యానమును కన్నీళ్లతో చదివిన నోటనే ఆ మాట వచ్చినది. ఆ సంబంధము పోవునన్న భయ మొకటి, అత్తగారి ముఖ మొకటి మాకు కనబడుచుండెను.

ఆమె కోపింపలేదు. గోడమూలనున్న పెట్టెను చూపి, "నీవు దీనికి భయపడి రాత్రులు మేలుకొనుచున్నావు గదా! నా అంకెను నమ్మి యెవరైన ఇట్టి పెట్టె చేయబూనినచో, ఆరిన రేకులో ఉప్పు నడవదు, తడిరేకును లిథియపు పలక కానించిన అది నీటితో కలిసి యూరకుండదు. అప్పుడు మేలుకొనవలసిన దెవరు?" అన్నది. మాకు ముఖము చెల్లలేదు. చాలసేపటికి, "మామగారితో నేమందువు?" అంటిమి. "ఉన్నది చెప్పుదును, నీవు ప్రక్కన నిలుచుము" అన్నది.

ఉదయము నిలిచితిమి. మామగారు పత్రిక మడిచి వినిరి. తేమ, యంత్రము, ఉప్పు అన్నియు విని, "అయితే నిజమైన అంకె యెంత?" అని యడిగిరి. "ఇంకను తెలియదు నాన్నగారూ. రేకులను గాలి లేని పెట్టెలో ఆరబెట్టి మొదటినుండి కొలువవలెను. కార్తికము దాటును. ఆపైన గ్రంథము వ్రాయుటకు ఇంకొక యేడు." వారు కొంతసే పూరకుండి, కండువా భుజమున వేసికొని పెండ్లివారి కీ సంగతి ఫోనులో చెప్పుట మర్యాద కాదని బస్సెక్కి పోయిరి. పెండ్లివారు చెడుగా మాటాడలేదు. ఆలోచించి చెప్పుదుమనిరి. ఆశ్వయుజమున ఆ పిల్లవానికి వేరొకచోట నిశ్చితార్థమైనదని తెలిసినది. ఆడపడుచును పాడుచేసినది మేమేయని అత్తగారు నాలుగు దినములు మాతో మాటాడలేదు. మేము చెప్పినది అందుకు సరిగా వ్యతిరేకమని వారికి చెప్పుకొనుటకును మాకు వీలు లేకపోయినది.

కార్తికము వెళ్లుచుండగా కొలతలు ముగిసినవి. ఆరిన రేకులలో, పొడి లేని దానికంటె పొడి కలిపినది ఎనిమిది రెట్లు నడపినది. నూటికి పది పాళ్లకు పైన పొడి పోసిన తగ్గినది. సంక్రాంతికి వచ్చినపుడు మామగారు ఎప్పటి ప్రశ్ననే యడిగిరి. "ఎంత పెంచితివి?"

"ఎనిమిది రెట్లు నాన్నగారూ. ద్రవమునకు ఇంకను వేయి రెట్లు దూరముగా నున్నాను."

వారు రెండవ మాటను వినిపించుకొనలేదు. "ఎనిమిది రెట్లా! అప్పిచ్చినను ఏ యేటను ఇంత పెరుగదే!" అని, అత్తగారిని కేకవేసి ఆమెకు కూడ చెప్పిరి. అత్తగారు అరిసెలు వత్తుచు, "అయిన మంచిదే" అని మాత్రము అనిరి.

ఆమెకు ఉపకారవేతనము ఈ యేటితో నిలిచినది. వసతిగృహపు ఖర్చులను మావారు పంపుచున్నారు. మేమును ఇంటి ఖర్చులో కొంత మిగిల్చి కలుపుచున్నాము. మా బ్యాటరీలో ఉన్నది నేటికిని ద్రవమే. కావున దానిని మంచములకు దూరముగా, వాకిటి దారికి అడ్డు లేకుండ, వెలుపలి సిమెంటు అరుగుమీదికి మార్పించితిమి. నిండిన పిదప తీగ తీయనిదే పరుండరాదని మావారికి నియమము పెట్టితిమి. మీ యిండ్లలో ఏ బ్యాటరీయైన ఉబ్బినట్లు కనబడినచో దానిని మరల చార్జి చేయకుడు, గుచ్చి చూడకుడు. ఈ రెండును ఆడపడుచు మరిమరి చెప్పిన మాటలు.

మొన్న రాత్రి ఆమె క్రొత్త గీతను మా ఫోనునకు పంపినది. ఈసారి పొడి రేణువులను ఇంకను సన్నవి తీసికొన్నదట. పెరటిలో మంచు కురియుచున్నది, జాడీలో నేయి పూస కట్టియున్నది. దీపము దగ్గరకు పోయి చూచితిమి. చంద్రుడు ఇంకను పెద్దవాడే.